సింహళద్వీపమున కల్లును సారాయియు

మద్యపానమును గూర్చి మన భాషలో వెలువడిన వ్యాసములలో నధికభాగము త్రాగువానిని మందలించుటకే వ్రాయబడినవి. అట్టి మందలింపు అవసరమే. అయినను త్రాగువాని చేతిలోని ముంత యెక్కడనుండి వచ్చినది, దాని నచ్చటికి జేర్చినవా రెవ్వరు, ఆ దారిలో నెవరెవరి సంచులు నిండినవి యను సంగతులు తెలియనంతవరకు ఆ మందలింపు సగము పనియే యగును. అందుచే మేము మన తీరమునకు సమీపముననే యున్న సింహళద్వీపమును దృష్టాంతముగ గైకొని, అచ్చటి ప్రాచీన మద్యముల చరిత్రమును చదువరుల యెదుట నుంచ దలచితిమి. కల్లు ఆ ద్వీపమునకు క్రొత్తది కాదు. కాని కల్లు ఇంటివాడుక వస్తువుగ నుండిన కాలమునకును, సారాయి దొరతనమువారి బొక్కసమున కాధారమైన కాలమునకును గొప్ప భేదము గలదు. ఆ భేదమును గలిగించినది వేలముపాట యని మా యభిప్రాయము. దానిని నిరూపించుటకే యీ ప్రయత్నము.

సింహళమున కల్లు నిచ్చు చెట్లు ముఖ్యముగ మూడు. పాణదుర, వాద్దువ, కలుతర మొదలగు ఊళ్లుగల నైరృతి తీరమున కొబ్బరితోటలు మెండు. ఉత్తరమున జాఫ్నా సీమ తాటిచెట్లకు ప్రసిద్ధము. నడిమి కొండలయందును, తడి యడవులయందును కితుల్ అను చెట్టు పెరుగును. మన మన్యసీమలలో జీలుగు అని పిలువబడు చెట్టిదియే. తీరమున కల్లు గీత దురావ కులమువారికిని, జాఫ్నాలో నళవ కులమువారికిని పరంపరగా వచ్చిన వృత్తి. సింహళ భాషలో కల్లును "రా" అందురు. ఒక్కయక్షరముతో సరిపోయిన ఈ మాటయే ఆ వస్తువు ఆ జనులకెంత పాతదో, ఎంత పరిచితమైనదో తెలుపుచున్నది.

కొబ్బరికల్లు గీయు విధము తెలిసికొనదగినది. గీతగాడు విచ్చని పూపొత్తిని నారతో బిగించి కట్టి, చిన్న కొయ్యతో దానిని దినదినమును మెల్లగ తట్టును. కొన్ని దినములిట్లు చేసిన పిమ్మట కొనను పలుచగ చెక్కగా రసము బొట్లుబొట్లుగ కారజొచ్చును. అచ్చట కుండను తగిలించి, ప్రతిదినమును వచ్చి కొనను మరల చెక్కుచు రసమును దింపుకొనవలెను. ప్రతి చెట్టును ఎక్కి దిగుట అసాధ్యము గనుక, ఆ తీరమువారు ఒక చెట్టుతల నుండి వేరొక చెట్టుతలకు కొబ్బరిపీచు మోకులు జంటగా కట్టుదురు. క్రింది మోకుపై పాదముంచి, మీది మోకును చేత బట్టుకొని, గీతగాడు నేలకు దిగకయే తోపంతయు తిరిగివచ్చును. ఏబది యరువది యడుగుల యెత్తున, నడుమున కత్తియు సొరకాయబుర్రయు వ్రేలాడుచుండగా, వానకు తడిసిన మోకుపై నడచు ఈ మనుష్యుని జూచినవారు అతని వృత్తిని సోమరివృత్తి యని యెన్నడును అనజాలరు. మోకు తెగిన నాడు అతని సంసారము తెగినట్లే.

చెట్టునుండి కారునప్పుడు ఆ రసము తియ్యని నీరు మాత్రమే. దానిలో మత్తు లేదు. గాలియందును కుండయందును నుండు ఈస్టు అను సూక్ష్మజీవులు రసమునందలి చక్కెరను దిని, మత్తు గలిగించు పదార్థముగ మార్చును. కొన్ని గంటలలో నూటికి ఇంచుమించు 5 వంతుల మత్తు అందు చేరును. మరి కొంతకాలము నిలువయుంచిన పులుపు ముదిరి సిర్కా యగును. సింహళుల వంటయింట కొబ్బరికల్లు సిర్కా నేటికిని వాడుకలో నున్నది. కుండ లోపల సున్నము పూసినచో రసము పులియక తియ్యగనే నిలుచును. కితుల్ రసమునందు హల్ అను చెట్టు బెరడు ముక్కలు వేసి ఆ ఫలమునే పొందుదురు. అట్లు నిలిచిన రసమును కాచిన పాకమును బెల్లమును వచ్చును. పులిసిన కల్లును బట్టీయందు కాచి ఆవిరిని చల్లార్చినచో సారాయి వచ్చును. అంగడిలో నమ్ము సారాయిలో నూటికి 33 మొదలు 50 వంతులదాక మత్తుండును. దానిని హల్మిల్ల యను కొయ్యతో జేసిన పీపాలలో పెట్టి ముదురనిత్తురు. చదువరు లొక్కసంగతి గమనింతురు గాక. ఒకే చెట్టు, ఒకే యుదయము, ఒకే కుండ. బెల్లము, సిర్కా, కల్లు, సారాయి యను నాలుగు దారులు. ఏ దారి త్రొక్కవలెనను నిర్ణయము చెట్టుది కాదు గదా.

ఇక పూర్వకాలమున ఈ నిర్ణయమెట్లుండెనో చూతము. సింహళము రెండువేల యేండ్లకు పైగా బౌద్ధమును పాటించిన దేశము. బౌద్ధ గృహస్థు గైకొను పంచశీలములలో నైదవది మత్తుపదార్థముల వర్జనము. శీలమును గైకొన్నవారందరును దానిని పాలించిరని మేము చెప్పము. కల్లుగీత కులవృత్తిగ నిలిచియుండుటయే త్రాగువారును ఉండిరనుటకు సాక్ష్యము. కాని త్రాగుట అచ్చట గౌరవము దెచ్చు పనిగ నుండలేదు. దీనికి పరదేశీయుని సాక్ష్యమే కలదు. రాబర్టు నాక్సు అను ఆంగ్లేయ నావికుడు 1660లో కండిరాజునకు బందీగా జిక్కి, దాదాపు 20 ఏండ్లు ఆ కొండసీమలలో గడిపి, 1679లో తప్పించుకొనిపోయి, 1681లో లండను నగరమున తన యనుభవములను గ్రంథముగ ప్రకటించెను. కితుల్ చెట్టు దినమునకు మూడు నాలుగు గ్యాలనుల తియ్యని రసము నిచ్చుననియు, అది నీటికంటె మత్తైనది కాదనియు, దానిని కాచి బెల్లము చేయుదురనియు నతడు వ్రాసెను. త్రాగి మైమరచుటను ఆ జనులు మిక్కిలి యసహ్యించుకొందురనియు, దానికి లోబడినవారు ఎక్కువమంది లేరనియు గూడ నాతడే వ్రాసెను. తన్ను బంధించినవారిని పొగడవలసిన యక్కర ఒక బందీకి లేదు. కావున ఈ సాక్ష్యమును మేము విలువగలదిగా నెంచుచున్నాము.

తీరమున కథ వేరుగ నడచెను. పోర్చుగీసువారు 1505లో సింహళమునకు వచ్చిరి. వారి వెనుక డచ్చివారు 1658 మొదలు 1796 వరకు తీరప్రాంతములను పాలించిరి. సారాయిని ఆంగ్లేయులు అరాక్ అందురు. చెమట యను అర్థముగల అరబ్బీ పదమునుండి యా మాట వచ్చినది. బట్టీమూతినుండి చెమటవలె బొట్లు దిగుటచే నా పేరు కలిగెనని చెప్పుదురు. కల్లు ఒక దినము దాటిన చెడును. సారాయి యేండ్లు నిలుచును, ఓడలెక్కును, పన్నుకు లొంగును. దొరతనములకు సారాయిపై నంత మక్కువ గలుగుటకు మూలమిదియే. డచ్చివారు సారాయి యమ్ముకొను హక్కును గుత్తల కిచ్చి ధనమార్జించిరి. వారి తరువాత వచ్చిన ఆంగ్లేయులు ఆ పద్ధతిని విడువక మరింత విస్తరించిరి. 1815లో కండిరాజ్యమును వారి వశమయ్యెను. 1739 మొదలు అచ్చట నేలిన నాయకరవంశము మధురసీమనుండి వచ్చిన తెలుగుమూలము గలది. ఆ వంశపు కడపటి రాజు శ్రీవిక్రమరాజసింహుడు మన పొరుగున వేలూరికోటలో బందీగ నుండి 1832లో మరణించెను. ఆ రాజ్యము పోవుటతో కొండసీమలకును గుత్తపద్ధతి ప్రాకెను. అటుపై కాఫీతోటలు వెలసెను. తోటల కూలీలకును, బండ్లు తోలువారికిని దారి పొడుగున సారాయి దుకాణములు సిద్ధమయ్యెను.

గుత్తపద్ధతి యెట్టిదో కొంత వివరింపవలసియున్నది. దొరతనమువారు ఒక సీమలో సారాయి యమ్ముకొను హక్కును ఏడాదికో, కొన్ని యేండ్లకో వేలము వేయుదురు. అధికముగ పాడినవానికి హక్కు దక్కును. ఒకడు పదివేల రూపాయలకు పాడెననుకొందము. ఆ పదివేలును, దానిపై తన లాభమును గడువులోపల అతడు జనులనుండి రాబట్టవలెను. కావున అతడు హక్కును ముక్కలుచేసి క్రింది గుత్తదారుల కమ్మును. వారును తమ లాభము జూచుకొందురు. దుకాణములేని యూరు వారి కంటికి పంటలేని పొలమువలె తోచును. త్రాగువారు తక్కువైనచో అప్పు పెట్టియైనను అమ్ముదురు. సరుకు చాలనిచో నీరు కలుపుదురు. మరుసటి వేలమున మరియొకడు ఎక్కువకు పాడును. అతనికి మరింతమంది త్రాగువారు కావలెను. ఇట్లు ప్రతివేలమును జనుల దాహమును పెంచితీరవలసిన యేర్పాటయ్యెను. ఈ గుత్తలు పందొమ్మిదవ శతాబ్దమున సింహళ ప్రభుత్వపు ముఖ్యాదాయములలో నొకటిగ నుండెను. ఒకచేత శాంతిభద్రతలను కాపాడుచు, మరియొకచేత త్రాగుబోతుతనముపై నాదాయము దీయు దొరతనము, త్రాగుడు తగ్గవలెనని మనసార కోరగలదా?

గుత్తదారులందరు పరదేశీయులని చదువరులు తలంపరాదు. మొరటువ, పాణదుర మొదలగు ఊళ్ల సింహళ కుటుంబములే యెక్కువగ నీ గుత్తలను పాడుకొని ధనికులయ్యెను. మొరటువవాడైన జెరోనిసు డి సొయిసా సారాగుత్తలవలన ధనమార్జించి, కాఫీతోటలు కొని, ద్వీపమున మొదటి సంపన్నులలో నొకడయ్యెను. అతని కుమారుడు చార్లెసు హెన్రీ డి సొయిసా గొప్ప దాత. 1876లో మొరటువయందు కళాశాలను, 1879లో కొలంబోనందు ప్రసూతివైద్యశాలను స్థాపించెను. ఆ వైద్యశాలలో సుఖముగ ప్రసవించిన తల్లులెందరో. ఆ దానమును మేము తక్కువచేయము. కాని కుమారుని దానమునకు మూలమైన ధనములో గొంత, ఎక్కడనో కొండదారిలో కూలిభార్య చేతికి చేరవలసిన కూలిడబ్బు అని మాత్రము మరువరాదు. ఒక దేశము తన విద్యాలయములను, వైద్యశాలలను మద్యధనముతో కట్టుకొనవలసివచ్చినచో, అది కుడిచేతితో గాయముచేసి యెడమచేతితో కట్టుకట్టినట్లే.

ఈ యన్యాయమును సింహళులు సహించి యూరకుండలేదు. క్రైస్తవ మిషనరీలు తొలుత మితపాన సంఘములను నడపిరి. 1880లో కర్నలు ఆల్కాటు ద్వీపమునకు వచ్చినది మొదలు బౌద్ధమున క్రొత్త చైతన్యము గలిగి, పంచశీలములు సభలలో చర్చనీయాంశములయ్యెను. 1904లో మద్యవర్జనోద్యమము పల్లెలలో బయలుదేరెను. జనులు విహారములలో గుమికూడి త్రాగమని ప్రతిజ్ఞచేసిరి. ఆ యుత్సాహము కొంతకాలమునకు చల్లారినను, 1912లో మరల ప్రజ్వరిల్లెను. దానికి కారణము ఆ సంవత్సరపు ఆబ్కారీ సంస్కరణము. దొరతనమువారు కల్లు దుకాణములను సారాయి దుకాణములనుండి వేరుచేసి, కల్లుకు క్రొత్త లైసెన్సులు పెక్కు నిచ్చిరి. మత్తు తక్కువగల కల్లు దొరకినచో జనులు సారాయిని మానుదురనియు, గుత్తదారుల మోసములు తగ్గుననియు వారి వాదము. ఆ వాదమున న్యాయము బొత్తిగ లేదని మేమనము. కాని అంతవరకు దుకాణమెరుగని యూళ్లలో దుకాణములు వెలసెను. దానిని తమ ధర్మమునకు, తమ గృహములకు జరిగిన యవమానముగ జనులు తలంచిరి.

ఎఫ్. ఆర్. సేనానాయక, డి. బి. జయతిలక, డబ్ల్యు. ఎ. డి సిల్వ, ఆర్థరు వి. డయస్ మొదలగువారు ఈ యుద్యమమునకు నాయకులైరి. ఊరూర సంఘమేర్పడెను. సంఘమునకు అధ్యక్షుడు, కార్యదర్శి, చందాపుస్తకము, తీర్మానములు, మహజరులు. అదివరకు దొరగారి కచ్చేరిలో చేతులు కట్టుకొని నిలుచుటయే యెరిగిన పల్లెవాడు, తన యూర దుకాణము వలదని సభలో లేచి చెప్ప నేర్చెను. స్వపరిపాలనకు సింహళులు చదివిన తొలిపాఠశాల ఇదియే యని మేము తలంచుచున్నాము. 1915 మే, జూను నెలలలో సింహళులకును మహమ్మదీయులకును కలహములు చెలరేగగా, దొరతనమువారు సైనికశాసనము విధించి, ఈ మద్యవర్జన నాయకులను పెక్కుమందిని రాజద్రోహశంకతో చెరబెట్టిరి. వారిలో నొకడైన డి. ఎస్. సేనానాయక 1947లో ప్రధానమంత్రియై, 1948 ఫిబ్రవరి 4వ తేదీన స్వతంత్రమైన దేశమునకు మొదటి నాయకుడయ్యెను.

ఇచ్చట మేమొక కఠినసత్యమును చెప్పక తప్పదు. ఆ కలహములలో మహమ్మదీయులు పలువురు ప్రాణములను, అంగళ్లను, మసీదులను కోల్పోయిరి. ధర్మోద్ధరణమున బుట్టిన యుత్సాహము కొందరి నోట పరమతద్వేషముగ మారియుండెను. నాయకులను చెరబెట్టుట యన్యాయమే. అయినను మత్తును విడువుమని చెప్పు ధర్మము వేరొక మత్తును నేర్పరాదు. సంస్కరణమును కోరు ప్రతిసంఘమును ఈ హెచ్చరికను గుర్తుంచుకొనవలెను. చెరనుండి వచ్చిన పిమ్మట ఆర్థరు డయస్ కరవుకాలమున బీదలకు ఆహారమగునని ద్వీపమంతట పనసచెట్లు నాటించుటకు పూనుకొనెను. పల్లెజనులు ఆయనను "పనస మామ" యను నర్థముగల పేరుతో పిలిచిరి. వలదని చెప్పుటతో నాగక, కావలసినది చేసి చూపుటయు సంస్కర్త పనియే యని ఆయన జీవితము తెలుపుచున్నది.

ఆ రెండవ పనియే సింహళమున చాలవరకు కొరతపడెను. ఊరివారు ఓటు వేసి దుకాణమును మూయించుకొను పద్ధతి కొంతకాలమునకు వచ్చి, పెక్కు దుకాణములు మూతబడెను. కాని మూతబడిన దుకాణము వెనుక మోకుపై నిలిచియున్న గీతగానిని గూర్చి తలచినవా రరుదు. గుత్తదారుడు కాఫీతోట కొనుక్కొనెను. అతనికి వేరొక దారి కలదు. గీతగానికి చెట్టు తప్ప వేరొండు లేదు. అతని కులమును నీచముగ జూచినవారే అతని వృత్తిని పాపమని తీసివేసిరి. దుకాణములు తగ్గినచోట్లను, పన్నులు పెరిగిన కాలమునను కసిప్పు అను దొంగసారా పుట్టి, బీదల ప్రాణములను తీసెను. ఆజ్ఞ యొక్కటియే చాలదని దీనివలన తేటపడుచున్నది. తాటిచెట్టు బ్రదుకు తెరువులను వృద్ధిచేయుటకు అచ్చటి ప్రభుత్వము 1978లో నొక ప్రత్యేకమండలిని స్థాపించెను. తీయనిరసము, బెల్లము, నారపని మొదలగువానికి ఆ దారి తెరచుట మంచిదే. అది నూరేండ్లు ముందుగ జరిగియుండిన నెంత బాగుండెడిది!

మన తీరమున నేమి జరిగినదో చదువరులకు తెలియనిది కాదు. నెల్లూరుజిల్లా దూబగుంటలో 1992లో, రాత్రిబడిలో "సీతమ్మ కథ" యను పాఠమును జదువుకొన్న స్త్రీలు తమ యూరికి సారాయి రానీయమని యెదురునిలిచిరి. వారిలో రోశమ్మగారి పేరు దేశమంతట వినబడెను. అంతకుముందు వారుణివాహిని యను పేర దొరతనమువారే సారాయిని పొట్లములు కట్టించి పల్లెలకు పంపియుండిరి. స్త్రీల పట్టుదలచే 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆదాయము చాలదను కారణముచే నది సడలింపబడెను. దూబగుంట స్త్రీలు లేచిన ఆ 1992లోనే సింహళమున ప్రభుత్వపు సారాయి కర్మాగార సంస్థ ప్రైవేటువారి కమ్మబడెను. రెండు తీరములందును ప్రశ్న యొక్కటే. ఎవరు త్రాగుచున్నారని కాక, ఎవరు త్రాగుడుపై బ్రదుకుచున్నారని అడిగిననాడే దాని నిజస్వరూపము కనబడును.

కావున సోదరీసోదరులారా, మద్యమును గూర్చి మన యిండ్లలో మాటలాడునప్పుడు మూడు సంగతులను వేరుపరచి చూతము. త్రాగువానికి బోధయు వైద్యమును కావలెను. గీతగానికి గౌరవముతో కూడిన వేరొక తెరువు కావలెను. వేలమువేయు దొరతనమునకు మాత్రము, ఆ యాదాయము లేకయే బొక్కసమును నింపుకొను మార్గమును చూపుమని మన ఓటుతో చెప్పవలెను. ఈ మూటిలో మొదటి రెంటిని విడిచి మూడవదానినే పట్టినచో దొంగసారా వచ్చును. మూడవదానిని విడిచి మొదటివానినే మందలించుచున్నచో, ఇన్నాళ్లు జరిగినదే ఇకముందును జరుగును. కుండకు సున్నము పూయుట చిన్నపని. దానితో రసము బెల్లమగును. ఆ సున్నము పూసినవాని కుండలోని బెల్లమునకు గిట్టుబాటు ధర దొరకునట్లు చేయుట పెద్దపని. అది గీతగాడొక్కడు చేయగల పని కాదు, మనమందరము చేయవలసినది.